పండుమిరప రంగు ప్లాస్మా

"ఘనం, ద్రవం, వాయువు! పదార్థానికి ఈ మూడు దశలతో సరిపెట్టుకోమని గత ప్రభుత్వాలు డెబ్భై ఏళ్లు మనల్ని మోసం చేశాయి. నాలుగో దశను మన ప్రభుత్వం ఇస్తోంది!"

ఇది గౌరవనీయ శాస్త్ర సాంకేతిక, గిడ్డంగుల శాఖామాత్యులు శ్రీ చెంచురామయ్య గారి ప్రకటన. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పొడుగునా దీన్ని ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో మంత్రిగారు జనానికి నమస్కరిస్తూ ఉంటారు, వెనకాల సూర్యుడు మంత్రిగారికి నమస్కరిస్తూ ఉంటాడు. కింద 'ప్లాస్మా ప్రదాతకు సుస్వాగతం' అని ఉంటుంది. ఆ మాట నాదే. ఆ రోడ్డు పక్కనే ఉన్న కాలేజీలో నేను తెలుగు లెక్చరర్ని. మా కాలేజీకి మంత్రి వచ్చినా, మా కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ పోయినా మైకు నా చేతికే ఇస్తారు.

ప్లాస్మా అంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదు. ఫిజిక్సు డిపార్ట్‌మెంటు చివరి గదిలో అఖిల అనే అమ్మాయి నాలుగేళ్లుగా ఏదో పరిశోధన చేస్తోందని మాత్రం తెలుసు. చెప్పులు విప్పకపోతే ప్రిన్సిపాల్ని కూడా ఆ గదిలోకి రానివ్వదు. మాకు ఒకవైపు జిన్నింగు మిల్లు, ఎదురుగా మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. సీజన్లో అటునుంచి దూది, ఇటునుంచి ఘాటు వచ్చి పడుతుంటాయి. అందుకని ఆ అమ్మాయి కిటికీలన్నిటికీ టేపు అంటించి, గదిలో తుమ్మడాన్ని నిషేధించింది.

ఆ ప్లాస్మాను జాతికి అంకితం చేయడానికి మంత్రిగారు మా కాలేజీకే వస్తున్నారు. స్వాగతోపన్యాసం రాసుకోవాలి కదా అని, సభకి ముందురోజు పొద్దున్నే వెళ్లి అడిగాను. ఓపిగ్గా చెప్పింది. అక్కడొక స్టీలు డ్రమ్ము ఉంది. అందులోని గాలంతా పంపుతో లాగేసి, ఆర్గాన్ అనే వాయువు కాస్త వదిలి కరెంటు పెడితే ఆ వాయువు వెలుగుతుంది. అదే ప్లాస్మా. అది పైనున్న పలకను కొడుతూ ఉంటే, రాలిన అణువులు కింద పెట్టిన సిలికాన్ బిళ్ల మీద పొరలాగా పరుచుకుంటాయి. ఆ పొర సరిగ్గా కుదిరితే కొత్తరకం సెమీకండక్టర్ తయారవుతుందట.

"మధ్యలో ఆపకూడదు సార్. ఇప్పుడే మొదలుపెట్టాను, రేపు మధ్యాహ్నం దాకా నడవాలి. ఆగిందా, పొర పాడైపోయినట్టే. ఇదే ఆఖరి బిళ్ల. సిలిండర్లో గ్యాసు కూడా ఇంకోసారికి చాలదు. నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ పోతుంది," అంది.

"రేపు పదకొండింటికి మంత్రిగారు వస్తున్నారు కదమ్మా?"

"రానివ్వండి సార్. చూసి వెళ్లిపొమ్మనండి. ఏదీ ముట్టుకోవద్దని మీరే చెప్పండి."

మంత్రులకి ఆ సంగతి చెప్పే భాష తెలుగులో ఇంకా తయారు కాలేదు. సైన్సు చదివిన పిల్ల, ఆ అమ్మాయికి అది తెలియదు.

సాయంత్రానికి అంకమ్మరావు గారు వచ్చారు. నియోజకవర్గంలో మంత్రిగారి పనులన్నీ చూసేది ఆయనే. మంత్రిగారు ఎక్కడికి వెళ్లాలన్నా ఒకరోజు ముందు ఈయన వెళ్లి గోడల రంగు చూస్తారు. మన వైపు ప్రభుత్వం మారితే మొట్టమొదట మారేది రంగే కదా. ఇప్పుడున్నది పండుమిరప రంగు పార్టీ, అంతకుముందున్నది వంకాయ రంగు పార్టీ. పంచాయతీ ఆఫీసు, బడి, వాటర్ ట్యాంకు, శ్మశానం గేటు, అన్నీ ఐదేళ్లకోసారి ఇందులోంచి అందులోకి మారుతుంటాయి. మా కాలేజీ గోడ గోరుతో గీకితే చాలు, ఇటీవలి రాజకీయ చరిత్ర మొత్తం బయటపడుతుంది.

గోడలు చూసి తృప్తిపడి, చివరి గది బయట చెప్పులు విప్పి, అంకమ్మరావు గారు డ్రమ్ముకున్న గుండ్రటి అద్దంలోకి తొంగిచూశారు. చూసి, తేలు కుట్టినట్టు వెనక్కి వచ్చారు.

"ఇదేం రంగు?"

ఫిజిక్సు హెడ్ రామచంద్రమూర్తి గారు "వయొలెట్ అండి" అన్నారు. అంకమ్మరావు గారి ముఖం చూసి "లేత వయొలెట్" అన్నారు. ఇంకోసారి చూసి "అంత చెప్పుకోదగ్గ రంగేం కాదండి" అన్నారు.

"వంకాయ రంగయ్యా అది! బయట గోడలన్నీ మన రంగేసి, లోపల వాళ్ల పార్టీని వెలిగిస్తారా? ఎవరి పని ఇది?"

"ఆర్గాన్ అలాగే వెలుగుతుందండి," అంది అఖిల.

"ఆ గ్యాసు ఎప్పుడు కొన్నారు?"

"మూడేళ్ల కిందట."

"అప్పుడెవరిది ప్రభుత్వం?"

అంకమ్మరావు గారు నావైపు తిరిగి, "చూశారా మాస్టారూ!" అన్నారు. చూశానన్నాను.

"వాయువుకి పార్టీ ఏంటండీ?" అంది అఖిల.

"చిన్నపిల్లవి, నీకు తెలవదులే. మన రంగులో వెలిగే గ్యాసే లేదా?"

"నియాన్ అయితే ఎర్రగా వెలుగుతుంది. కానీ ఇప్పుడు ఆపి గ్యాసు మారిస్తే నా పొర..."

"పొర సంగతి తర్వాత. ఆ నియాన్ ఎక్కడ దొరుకుద్ది?"

తెప్పించడానికి వారం పడుతుందని మూర్తిగారు చెప్పారు. దాంతో అంకమ్మరావు గారు పెయింటర్ గౌస్ బాషాకి ఫోన్ చేశారు. జిల్లాలో రెండు పార్టీల రంగులూ వేసేది అతనే, అందుకే రెండు పార్టీల్లోనూ అతనికి మంచి పేరుంది. వచ్చి, అద్దంలోంచి లోపలికి చాలాసేపు చూశాడు.

"ఎన్ని కోటింగులండీ?"

"ఎన్నైతే అన్ని. తెల్లారేసరికి వంకాయ రంగు కనపడకూడదు."

"వెలుగుకి ప్రైమర్ పట్టదు సార్. ప్రైమర్ పట్టనిదానికి బిల్లు పాస్ కాదు," అని చెప్పి, వచ్చినందుకు కిటికీ ఊచలకి ఇంకో చెయ్యి ఎర్ర రంగు వేసి వెళ్లాడు.

తర్వాత అంకమ్మరావు గారు, దసరా పందిట్లో బల్బులకి చుట్టే ఎర్ర కాగితం తెప్పించి అద్దానికి అతికించారు. ఊదారంగు వెలుగు దాంట్లోంచి దాదాపు నల్లగా కనబడింది. "మంత్రిగారొస్తే నల్లజెండా చూపించినట్టుంది," అని ఆయనే చింపేశారు.

ఆ చింపడంలోనే ఆయన చూపు అఖిల టేబుల్ మీదున్న కంప్యూటర్ మీద పడింది. తెర మీద అదే డ్రమ్ము, అదే బిళ్ల, మధ్యలో బూడిద రంగులో మెలికలు తిరుగుతున్న వెలుగు.

"ఇదేంటమ్మా?"

"సిమ్యులేషన్ అండి. లోపల ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో లెక్కగట్టి బొమ్మ చూపిస్తుంది. అసలుది లేకుండానే ఏం జరుగుతుందో ముందుగా చూడొచ్చు."

"ఏది లేకుండా?"

"అసలుది లేకుండా."

అంకమ్మరావు గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ముప్పయ్యేళ్లుగా రాజకీయాల్లో ఉన్న మనిషి. తాను ఇన్నేళ్లూ చేస్తున్న పనికి ఒక పేరుందని ఆయనకి ఆ సాయంత్రమే తెలిసింది.

"రంగు మారుద్దా?"

"ఏ రంగైనా పెట్టుకోవచ్చు. ఎక్కువ తక్కువలు తెలియడానికే ఆ రంగు." ఆ అమ్మాయి ఏదో నొక్కింది. తెర మొత్తం పండుమిరప రంగులోకి మారింది.

"ఇంత మంచిది చేతిలో పెట్టుకుని, ఆ డ్రమ్ముతో నీకెందుకమ్మా తిప్పలు?"

"లెక్క నిజమో కాదో డ్రమ్మే కదండీ చెప్పాలి."

"నిజమో కాదో ఎవరడిగారు?"

అఖిల మూర్తిగారి వైపు చూసింది, మూర్తిగారు నావైపు చూశారు. నిజానికి ఎవరూ అడగలేదు.

ఒప్పందం అక్కడే కుదిరింది. గ్రౌండులో పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టి సిమ్యులేషన్ చూపిస్తారు. మంత్రిగారు బటన్ నొక్కి దాన్నే జాతికి అంకితం చేస్తారు. చివరి గదికి పరదా కట్టేస్తారు. అఖిల ఒకే ఒక్క షరతు పెట్టింది.

"మధ్యాహ్నం దాకా డ్రమ్ము కరెంటు ఎవరూ ముట్టుకోకూడదు. అలాగైతే తెర మీద బొమ్మ నేనే నడిపిస్తాను."

"మంత్రిగారి మీద ఒట్టు," అన్నారు అంకమ్మరావు గారు. ఆయన దేవుడి మీద ఒట్టు వేయడం చాలాసార్లు విన్నాను గానీ, మంత్రిగారి మీద వేయడం అదే మొదలు. అందుకే అఖిల నమ్మింది, నేనూ నమ్మాను.

మర్నాడు గ్రౌండు కిటకిటలాడింది. మిరపకాయ రేటు గురించి ప్రకటన ఉంటుందని చెప్పి చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతుల్ని ట్రాక్టర్లలో తెచ్చారు. పిల్లలకి అటెండెన్సు ఉంటుందని చెప్పారు. చీరాల నుంచి ఎర్ర శాలువాలు, వేటపాలెం నుంచి జీడిపప్పు పొట్లాలు వచ్చాయి. మంత్రిగారికి ఎండుమిరపకాయల గజమాల వేశాం. ఆయన వరసగా తుమ్ముతుంటే, జిల్లా మట్టిని తలచుకుని మంత్రిగారు ఉద్వేగానికి లోనయ్యారని నేను మైకులో చెప్పాను. కొందరు రైతులు కూడా తుమ్మారు.

"ఇప్పుడు మాన్య మంత్రివర్యులు తమ అమృత హస్తంతో..." అని నేను ఎత్తుకునేసరికి, లైట్లూ మైకులూ చూసే ఎలక్ట్రీషియన్ కోటేష్ వేదిక పక్కకి పరిగెత్తుకొచ్చాడు.

"తెర వెలగట్లేదు సార్! లోడు చాలట్లేదు. ఆ చివరి గదిలో ఏదో పెద్ద మోటరు తిరుగుతోంది."

అఖిల వేదిక మీద ఆ చివర లాప్‌టాప్ ముందు ఉంది. ఆమెకి వినబడలేదు. మంత్రిగారి వేలు బటన్ మీద ఉంది, కెమెరాలు ఆ వేలి మీద ఉన్నాయి. అంకమ్మరావు గారు మంత్రిగారిని చూశారు, చీకటిగా ఉన్న తెరని చూశారు, కోటేష్‌కి చేత్తో చిన్న సైగ చేశారు. నేను చేతిలో మైకుంది కాబట్టి "...అమృత హస్తంతో..." అని ఇంకోసారి సాగదీశాను.

తెర భగ్గున ఎర్రగా వెలిగింది. గ్రౌండంతా ఈలలు.

అఖిల ఒక్కసారిగా తలెత్తింది. చివరి గది పంపు రొద నిన్న పొద్దుటి నుంచీ వినబడుతూనే ఉందని, అది ఆగాకే నాకు తెలిసింది. జిల్లాలో నాకు తెలిసిన ఒకే ఒక్క ప్లాస్మా, జాతికి అంకితమైన ఆ క్షణంలోనే ఆరిపోయింది. ఆ అమ్మాయి వేదిక దిగి పరిగెత్తింది. నేను మైకులో ప్లాస్మా ప్రదాత వర్ధిల్లాలి అన్నాను. జనం కూడా అన్నారు.

ఆమె లేకపోయినా తెర మీద బొమ్మ ఆగలేదు. బిళ్ల మీద పొర నున్నగా, ఎక్కడా చిన్న చీలికైనా లేకుండా పరుచుకుంటోంది. పక్కనే గ్రాఫులో ఒక గీత పైకి ఎగబాకుతోంది.

"మరి కాయ రేటు సంగతేంది సార్?" అని ముందు వరసలోంచి ఒక రైతు అరిచాడు.

మంత్రిగారు ఆ గీతని చూపించారు. "చూడండి, ఎట్టా పోతుందో!"

"అది ఎలక్ట్రాన్ల..." అని మూర్తిగారు మొదలుపెట్టి, అంకమ్మరావు గారు చూడగానే దగ్గారు.

"అంత రేటు ఏ మార్కెట్ యార్డులో ఇస్తన్నారు సార్?"

"సిమ్యులేషన్లో!" అన్నారు మంత్రిగారు. ఆ పేరుగల యార్డు ఎటువైపో తెలియక రైతులు ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ఈలోగా నేను చప్పట్లు కొట్టించాను.

చివరగా, జిల్లాలో తయారైన తొలి సెమీకండక్టర్‌ను మంత్రిగారికి బహూకరించే ఘట్టం. అఖిల ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గజమాల ఘాటు అనుకున్నారు అందరూ.

"ఆగిపోయింది సార్. పొర సగం కూడా పడలేదు. ఇంకొక్క సిలిండరు, ఒక్క బిళ్ల, ఒక్క రోజు ఆగకుండా కరెంటు ఇప్పించండి. గడువు ఒక్క నెల పెంచమని చెప్పండి. మళ్లీ చేస్తాను."

మంత్రిగారు దయగల మనిషి. ఆమె తల నిమిరారు. "మళ్లీ ఎందుకు తల్లీ? ఇప్పుడే కదా విజయవంతమైంది. ఇంతమంది కళ్లారా చూశారు."

"వాళ్లు చూసింది బొమ్మ సార్."

"బాగానే చూశారుగా. అయిపోయిందాన్ని మళ్లీ చేస్తే జనం ఏమనుకుంటారు? మొదటిసారి ఫెయిలైందనుకోరూ? నీకే చెడ్డపేరు," అంటూ పెట్టె తెరిచి, బిళ్లను బొటనవేలితో నొక్కిపట్టి పైకి తీశారు.

బిళ్ల తళతళలాడుతోంది. మంత్రిగారు దాన్ని వెలుగులోకి తిప్పి, ముఖానికి దగ్గరగా పట్టుకున్నారు. నుదుటి మీద చెదిరిన కుంకుమ సర్దుకున్నారు. మీసానికి అంటిన మిరప తొడిమ తీసేసుకున్నారు. కొంచెం వంచి, చెవి పక్కన తెల్లవెంట్రుకలు చూసుకున్నారు.

"అంకమ్మరావూ! మన దగ్గర సెమీకండక్టర్లు తయారు కావన్న సన్నాసులు వచ్చి దీన్ని చూడాలయ్యా. ఎంత క్లియర్‌గా ఉందో! ఇట్టాంటివి ఇంకో రెండొందలు చేయించు, కార్యకర్తలకి పంచుదాం. వెనక నా ఫొటో వేయించు." మళ్లీ అఖిల వైపు తిరిగి, "ఎన్నాళ్లు పడుద్దమ్మా?" అన్నారు.

"ఈ ఒక్కదానికి నాలుగేళ్లు పట్టింది సార్," అంది అఖిల.

"ఉగాదికల్లా ఇచ్చెయ్," అన్నారు మంత్రిగారు, బిళ్లను జేబులో దువ్వెన పక్కన పెట్టుకుంటూ.