పెంటప్ప భీవండి ప్రయాణం

ఆ ఉదయం పెంటప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తువ్వాళ్ళు నేస్తూ తన కథలోని మాటలు ఒకసారి పైకి చదువుకోవాలి, సాయంత్రం ఐదులోపు అశోక్ చౌక్ గ్రంథాలయంలో పోటీకి ఇచ్చేయాలి. నాలుగేళ్ళుగా ఆయన కథలు "పాత్రల్లో ప్రాణం లేదు" అన్న చీటీతో తిరిగొస్తున్నాయి. ఈసారీ బహుమతి రాకపోతే జన్మలో కలం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు పాపం. నెలరోజులు కథల తరగతికి పోయి సూత్రాలు కూడా రాసుకొచ్చాడు. పాత్రకు ఒక కోరిక ఉండాలి, దానికి ఒక అడ్డు ఉండాలి, సంభాషణను గొంతెత్తి చదివి చూసుకోవాలి.

నేతగాళ్ళ వాడ నీలం నగర్‌లో గుట్టు మాట్లాడుకోవాలంటే నడుస్తున్న మరమగ్గాల మధ్య నిలబడి అరవడమే పద్ధతి. ఎంత అరిచినా పక్కవాడికి వినబడదు. పెంటప్ప కూడా అదే చేశాడు.

"సాలు! ఇరవై ఏండ్లు నీతోని ఏగిన. ఇయ్యాల సాయంత్రం బండికి పోత, మల్ల ఈ ఇంటికి రాను!"

"సాలు" దగ్గర కరెంటు పోయింది. వాడకట్టు మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. గొంతు మాత్రం ఆగలేదు. మిగతాదంతా నాలుగు గల్లీలు విన్నాయి.

పక్క మగ్గం సాయికిరణ్ వెంటనే బీడీ కార్ఖానాలో ఉన్న తల్లి ఎల్లమ్మకు ఫోన్ కొట్టాడు. "అమ్మా, పెంటప్ప కాక ఇల్లిడిసి పోతుండట!"

"ఏ బండికి?" అంది ఎల్లమ్మ. పక్కనున్నావిడ ముంబై బండికే అంది. అటువైపు మగ్గాలున్న ఊరు భీవండి కదా, అక్కడికేనని ఇంకొకామె తేల్చేసింది. ఉత్త పనికెవరు పోతారు, ఎవతో ఉండే ఉంటుందని మూడో ఆమె. బీడీలు అప్పగించడానికి వరుసలో ముందు నిలబడ్డ పెంటప్ప భార్య చంద్రభాగ చెవికి చేరేసరికి ఆ ఎవతెకు కుట్టుమిషను, చేతిమీద పచ్చబొట్టు, శోభ అన్న పేరు కూడా వచ్చేశాయి.

పదకొండింటికి పదిమంది ఆడవాళ్ళతో చంద్రభాగ షెడ్డు గుమ్మంలో నిలబడింది. "శోభ ఎవతి? గా కుట్టుమిషను, పచ్చబొట్టుది?"

"ఏ శోభ? ఖరంచ్, నిజంగనే, అది కథనే! పోటీకి రాసిన!"

"దొరికినోళ్ళంత కథనే అంటరు," అంది ఎల్లమ్మ. "సదువు, ఇంటం."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పెంటప్ప కథంతా చదివాడు.

"గంతేనా?" అంది ఎల్లమ్మ. "గాయిన ఎందుకు పోతుండు? ఎవలు ఆపుతుండ్రు? ఛ! మా దాంట్ల కనీసం శోభ అయినా ఉండె."

పెంటప్ప నోరు తెరిచాడు. తాను నెలరోజులు బట్టీపట్టిన విద్యను వీళ్ళు వరుసలో నిలబడి గంటలో చేసి చూపించారు. లోకంలో లేని మనిషికి పచ్చబొట్టు పొడిచారు! ఆయనకు దండం పెట్టాలనిపించింది. "మరి పెండ్లాం ఏం జేస్తది?" అని భయభక్తులతో అడిగాడు.

"ఏడుస్తది," అన్నారు అందరూ.

"ఏడ్వది," అంది చంద్రభాగ. "ఆయిన సంచి ఆమెనే సదురుతది. లుంగి, బీపీ గోలీలు, బండిల తిన జొన్నరొట్టె. తలుపు దీసి 'పో' అంటది. గప్పుడు ఎట్ల పోతడో నేను సూస్త."

కరెంటు వచ్చినా ఒక్కరూ మగ్గం వేయలేదు. పెంటప్ప అక్కడే నేలమీద కూర్చుని, శోభతో సహా అన్నీ కథలోకి రాసుకున్నాడు. ఐదుకు ఐదు నిమిషాలుండగా కథ గ్రంథాలయం చేరింది.

మొదటి బహుమతి వచ్చింది! "శోభ కళ్ళముందు కనబడుతోంది" అని తీర్పరులు రాశారు. పెంటప్ప ఆ కాగితం తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "ఇది నీ బహుమతే."

చంద్రభాగ రెండుసార్లు చదివింది. "కండ్లముందు కనబడుతుందట. సూడకుంట ఎట్ల రాసినవ్?"

ఆ తర్వాతి నెల భీవండిలో చుట్టాల పెళ్ళికి, పెంటప్పను ఇంట్లోనే ఉంచి, చంద్రభాగ ఒక్కతే వెళ్ళి వచ్చింది.