పన్నెండో మార్పు

"ఇవాళ పదకొండింటికల్లా హెడ్మిస్ట్రెస్ గారి చేత సంతకం పెట్టించకపోతే నా పేరు మార్చుకుంటా" అని పొద్దున్నే భార్య దగ్గర శపథం చేసి మరీ ఆఫీసుకొచ్చాడు ఆర్కిటెక్టు. రిటైరైన ఆ హెడ్మిస్ట్రెస్ తను కట్టుకోబోయే ఇంటి ప్లాన్‌ని ఇప్పటికి పదకొండు సార్లు మార్పించింది. ఈసారీ నచ్చకపోతే వేరే ఆర్కిటెక్టుని చూసుకుంటానని తేల్చి చెప్పేసింది.

ప్లాన్ ఆఖరుసారి చూసుకుంటూ టీ తాగి, గ్లాసు దాని మీదే పెట్టి, ఇంకో సైటుకి వెళ్లాడు.

ఆ ఆఫీసు గోడ మీద ఒక బోర్డుంది. "ప్లాన్ మీద ఏ గీత కనబడినా మార్పే. ప్రశ్నలొద్దు. గీసెయ్యండి." డ్రాయింగులు గీసే అమ్మాయి ప్రతిదానికీ "ఎందుకు సార్?" అని ప్రాణం తోడేస్తుంటే ఆయన పెట్టించిన బోర్డు అది.

అమ్మాయి గ్లాసు తీసింది. హాలు మధ్యలో గుండ్రటి గోధుమరంగు గీత. అడగాలని ఫోన్ తీసి, బోర్డు చూసి, మళ్లీ పెట్టేసింది. కొలిస్తే రెండంగుళాలు. స్కేలు ప్రకారం ఎనిమిది అడుగులు. హాల్లో ఎనిమిదడుగుల గుండ్రటి గది లేచింది. దానికి చోటివ్వడానికి వంటగది పక్కకి జరిగింది. వంటగది తోసిన తోపుకి బాత్రూము వెళ్లి మెట్ల కింద దూరింది. స్తంభాల లెక్క కోసం ఫోన్ చేస్తే ఇంజనీరు, "కొత్త ఫ్యాషనై ఉంటుందిలేమ్మా" అని నాలుగు స్తంభాలు అదనంగా ఇచ్చాడు.

ఆర్కిటెక్టు తిరిగొచ్చేసరికి పదిన్నరయింది. హెడ్మిస్ట్రెస్, ఆవిడ భర్త అప్పటికే వచ్చి కూర్చున్నారు. కొత్త ప్రింటు చూడకుండానే ధీమాగా పరిచేశాడు.

"హాలు మధ్యలో ఈ బావి ఏంటండీ?" అంది హెడ్మిస్ట్రెస్.

ఆర్కిటెక్టు చూశాడు. "ఏంటమ్మా ఇది?" అన్నాడు అమ్మాయి వైపు వంగి.

"ప్రశ్నలొద్దన్నారు కద సార్."

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "మేడమ్, నిజం చెప్పాలంటే అది టీ..."

"నా గది" అన్నాడు భర్త.

పదకొండు మార్పుల్లోనూ ఆయన గొంతు ఎవరూ విన్నది లేదు.

"నీ కుట్టుమిషనుకి గదుంది, నీ షీల్డులకి బీరువా ఉంది. నేనెక్కడ కూర్చోవాలో మాత్రం ఏ ప్లాన్లోనూ లేదు. ఈయనొక్కరికే తోచింది."

"ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"మధ్యలో మాట్లాడితే బెంచీ ఎక్కిస్తావేమోనని."

హెడ్మిస్ట్రెస్ కాసేపు ఆ గుండ్రటి గది వైపే చూసింది. తర్వాత కళ్లజోడు సర్దుకుని సంతకం పెట్టేసింది.

గుమ్మం దాకా వెళ్లిన భర్త వెనక్కొచ్చి మెల్లగా అడిగాడు. "బాబూ, దాన్ని ఇంకాస్త పెద్దది చెయ్యొచ్చా? పడక్కుర్చీ, మంచం రెండూ పట్టాలి."

"తప్పకుండా సార్" అని, ఆర్కిటెక్టు గంభీరంగా అమ్మాయి వైపు తిరిగాడు.

"టీ కొట్టుకి ఫోన్ చెయ్యమ్మా. రేపట్నుంచి పెద్ద గ్లాసు."