తలసరి పొగ

శనివారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పరీక్ష పేపర్లు దిద్దాలి, భోంచేయాలి, ఆ పైన ఒక కునుకు తీయాలి. తానుండే ఆ భవనం నివాసుల సంఘానికి తానే సెక్రటరీ అన్న సంగతి సోమవారం దాకా ఎవరూ గుర్తు చేయకపోతే చాలని కూడా ఆయన మనసులో అనుకున్నాడు. మొదటి పేపరు మీద ఎర్ర సిరా పెట్టీ పెట్టకముందే ఎవరో తలుపు తట్టారు.

వచ్చినావిడ పురపాలక సంఘంలో పొగ లెక్కల అధికారి. ఒక భవనం ఎంత కరెంటు, ఎంత డీజిలు, ఎంత గ్యాసు వాడుతోందో చూసి, దానివల్ల గాలిలో కలిసే కర్బనం ఎంతో లెక్కగట్టి, దాన్ని ఆ భవనంలో ఉంటున్న మనుషుల సంఖ్యతో భాగిస్తారట. దాని పేరు తలసరి పొగ. ఈ భవనం తలసరి పొగ హద్దు దాటి చాలా కాలమైందనీ, రేపు సాయంత్రం తలలు లెక్కపెట్టడానికి వస్తాననీ, అప్పటికీ హద్దులోకి రాకపోతే ఉమ్మడి వాడకానికి కరెంటు ఆపేస్తామనీ ఆవిడ ఎంతో నెమ్మదిగా చెప్పింది. ఉమ్మడి వాడకమంటే ఏమిటని మాస్టారు అడిగాడు. ముఖ్యంగా లిఫ్టు, అందావిడ.

లోపలి గదిలో చేతికర్ర టకటకమంది. మాస్టారి భార్యకు కాలు విరిగి పిండికట్టు వేశారు. బ్యాంకులో ఆమె సెలవులన్నీ అయిపోయాయి. సోమవారం డ్యూటీలో చేరకపోతే ఊరి చివరి బ్రాంచికి మార్చేస్తామని పైఅధికారి ఫోనులో చెప్పేశాడు. వాళ్లుండేదేమో ఆరో అంతస్తు.

"ఏమండీ, లిఫ్టు ఆపేస్తే నన్ను మీరు ఎత్తుకుని దింపుతారా?" అందామె గుమ్మంలో నిలబడి. మాస్టారు తన నడుమును తలుచుకుని మాట మార్చాడు.

పొగ ఎక్కడినుంచి వస్తోందో ఆ భవనంలో తెలియనివాళ్లు లేరు. పై రెండంతస్తులూ అట్టపెట్టెల ఫ్యాక్టరీ యజమానివి. అందరూ ఆయన్ని పైవాడు అంటారు. అందువల్ల అక్కడ ఎవరైనా "అంతా పైవాడి దయ" అంటే ఏ అర్థంలో అన్నారో మొహం చూసి పోల్చుకోవాలి. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని పడుకోవడానికి గదులు చల్లబరిచి, చలికాలంలో ఈత కొట్టడానికి డాబా మీద కొలనులో నీళ్లు కాచే మనిషి ఆయన. కింది ఇళ్లవాళ్లు గదిలోంచి బయటికి వస్తూ బల్బు ఆర్పే రకం. కానీ భాగహారానికి ఇవేమీ పట్టవు. ఇంట్లో కంటే ఆస్పత్రిలోనే ఎక్కువసేపుండే రెండో అంతస్తు నర్సు కూడా పైవాడితో సమానంగా పొగ వదులుతున్నట్టు తేలింది.

మధ్యాహ్నం సంఘం సమావేశమైంది. మాస్టారు పాఠం చెప్పే అలవాటు కొద్దీ విభాజ్యం, విభాజకం, భాగఫలం అన్నీ వివరించాడు. భాగఫలం తగ్గాలంటే పొగన్నా తగ్గాలి, తలలన్నా పెరగాలి అన్నాడు. రెండోది కేవలం పాఠం పూర్తి చేయడానికి అన్నాడు. తరగతిలో ఆయన పాఠం ఎవరూ వినరు. ఆ ధైర్యంతోనే అన్నాడు. ఖర్మకొద్దీ ఈసారి విన్నారు.

"రెండోది సులువుగా ఉంది మాస్టారూ," అన్నాడు పైవాడు కునుకులోంచి తేరుకుని. "తలలకేం, మా ఫ్యాక్టరీలో కావలసినన్ని ఉన్నాయి."

అందరి మొహాలూ వెలిగాయి. ఎవరూ ఏదీ మానుకోనక్కర్లేని పరిష్కారం దొరికితే మనుషులు ఎంత ఐకమత్యంగా ఉంటారో మాస్టారు ఆ రోజే చూశాడు. తాను అలా అనలేదని, అసలు సంగతి కొలను దగ్గర ఉందని ఆయన మొత్తుకుంటుండగానే తీర్మానం అయిపోయింది.

పైవాడి మేనేజరు నలుగురికీ ఫోన్లు చేశాడు. అర్జెంటుగా తలలు కావాలి, ఎన్నయినా సరే అన్నాడు. ముందుగా వచ్చినవాడు మంగలి. కత్తెర, దువ్వెన, తెల్లగుడ్డ పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగాడు. విషయం చెప్పి వెనక్కి పంపబోతే, మేనేజరు అతన్ని ఆపి, ఇతనికీ ఒక తల ఉంది కదా అన్నాడు. అలా మంగలి కూడా నివాసి అయిపోయాడు.

తర్వాత బస్సులు వచ్చాయి. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు పెళ్లాం బిడ్డలతో, పరుపులతో, గిన్నెలతో దిగారు. లోపలి చల్లదనం పోకూడదని డ్రైవర్లు ఇంజన్లు ఆపకుండా వీధిలోనే నిలిపారు. అంతమందికి వంట చేయడానికి పెద్ద పెద్ద గ్యాసు పొయ్యిలు, వంట దగ్గర వెలుతురుకు జనరేటరు వచ్చాయి. మాస్టారు కాగితం మీద లెక్క వేసి చూసుకుని తల పట్టుకున్నాడు. తలలు తెచ్చేందుకు వదిలిన పొగతో మొత్తం పెరిగింది. దాన్ని భాగించడానికి ఇంకొన్ని తలలు కావాలి. ఆ మాట చెబితే మేనేజరు చాలా శ్రద్ధగా విని, ఇంకో బస్సు పంపించాడు.

కబురు నోటా నోటా పడి మారిపోయింది. తలలు ఎక్కువున్న ఇంటికి కరెంటు బిల్లు మాఫీ అని కింది అంతస్తుల్లో ఎవరో అన్నారు. ఇక ప్రతి ఇంటికీ చుట్టాలు దిగారు. మాస్టారి బావమరిది సంసారమంతా వెంటేసుకుని వచ్చి, ఇంత అవసరంలో ఉండి కూడా తనకు ఫోన్ చేయనందుకు నొచ్చుకున్నాడు. మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూసింది. పేపర్లు దిద్దడానికి చోటు లేక ఆయన స్నానాల గదిలో పీట వేసుకుని కూర్చున్నాడు. అక్కడ కూడా తలుపు కొడుతూనే ఉన్నారు. ఆదివారం సాయంత్రానికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

అధికారి చెప్పిన వేళకు వచ్చింది. గదులు, వరండాలు, మెట్లు, డాబా తిరిగి అన్ని తలలూ లెక్కపెట్టింది. కొలనులో మునుగుతూ తేలుతున్న పిల్లల తలలు లెక్కపెట్టడానికి కాస్త ఇబ్బంది పడింది. చివరికి భాగించి చూసి, హద్దులోకి వచ్చింది, లిఫ్టు ఆపక్కర్లేదు అంది. మాస్టారి భార్య చేతికర్ర గోడకు ఆనించి అలాగే కుర్చీలో కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారికి కూడా అంతకంటే తక్కువ సంతోషమేమీ కలగలేదు.

"ఇక వీళ్లని పంపించేయొచ్చుగా మేడమ్? బస్సులు రెడీగా ఉన్నాయి," అన్నాడు పైవాడు.

అలా కుదరదు అందావిడ. లెక్కలో పడినవాళ్లంతా ఏడాదిపాటు ఇక్కడి నివాసులే. మధ్యలో తలలు తగ్గితే లిఫ్టు ఆగిపోతుంది. అంతేకాదు, నివాసులన్నాక సంఘంలో అందరికీ తలకో ఓటు ఉంటుంది. ఈ చివరి మాట విని ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే పెద్దామె ఒకావిడ ముందుకొచ్చింది. ఆమె భుజం మీద తువ్వాలు ఉంది.

"పైన ఆయన వదిలే పొగలో మా అందరికీ వాటా ఉందన్నారు కదా. మరి ఆ చల్లదనంలో మా వాటా ఎక్కడమ్మా?" అని అడిగింది.

అది తన సొంత ఇల్లనీ, సొంత కొలననీ పైవాడు మొదలుపెట్టాడు. అప్పటిదాకా కుర్చీలో కూర్చున్న మాస్టారి భార్యకు ఒళ్లు మండింది.

"పొగ ఉమ్మడి అయినప్పుడు స్విచ్చి మాత్రం మీ ఒక్కరిదెలా అవుతుందండీ?" అంది.

అక్కడికక్కడే సమావేశం పెట్టారు. కరెంటు ముందు లిఫ్టుకు, ఆ తర్వాత అందరి ఫ్యాన్లకూ ఇవ్వాలి, కొలను నీళ్లు కాచే యంత్రం, గదులు చల్లబరిచే యంత్రాలు మాత్రం బంద్ అని తీర్మానం పెట్టారు. చేతులెత్తమంటే గోడలు కనపడలేదు. మంగలి రెండు చేతులూ ఎత్తాడు. ఒకటి దించమన్నారు. వచ్చినవాళ్లకు పైవాడి రెండంతస్తుల్లోనే చోటివ్వాలని ఇంకో తీర్మానం కూడా అదే ఊపులో అయిపోయింది.

పైవాడు మాస్టారిని పక్కకు లాక్కెళ్లాడు. "ఇదేం న్యాయం మాస్టారూ? అందరికీ ఒకే ఓటా? ఎవరు ఎంత వాడుతున్నారో చూసి లెక్క కట్టాలి గానీ, తలకింత అని పంచేస్తారా?"

ఎన్నాళ్లుగానో తరగతి గదిలో ఎదురుచూసిన ప్రశ్న అది. ఒక్క విద్యార్థి కూడా అడగలేదు. మాస్టారికి సంతోషపడాలో, అతని గొంతు పట్టుకోవాలో తెలియలేదు.

"ఆ మాట నిన్న మధ్యాహ్నం అని ఉంటే నా పేపర్లన్నా దిద్దుకునేవాణ్ణండీ," అన్నాడు నీరసంగా.

సోమవారం పొద్దున మాస్టారి భార్య లిఫ్టులో దిగి, ఆటో ఎక్కి, వేళకు బ్యాంకులో తన సీట్లో కూర్చుంది. అదే పూట అధికారి ఫోన్ చేసింది. పైన ఆ యంత్రాలన్నీ ఆగేసరికి పొగ ఎంత పడిపోయిందంటే, ఇక అదనపు తలలతో పనే లేదట, కొత్తగా వచ్చినవాళ్లు వెళ్లాలనుకుంటే ఏడాది నిబంధన కూడా ఎత్తేస్తారట. పైవాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ సంగతి వాళ్లకు చెప్పి ఒప్పించి పంపించే బాధ్యతను సంఘం, తలకో ఓటు చొప్పున, ఏకగ్రీవంగా పైవాడికే అప్పగించింది.