ఉచిత గ్లాసులు

ఆ శనివారం ఉదయం ఆనంద్ పాల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కూతురు జ్యోత్స్న ఏలూరు నుంచి పాసింజరులో వచ్చి భీమడోలులో దిగుతుంది. ఆమెను బండెక్కించుకుని కొల్లేటి వైపు పదకొండు కిలోమీటర్లు పోతే లంక ఊరు, అందులో కమ్యూనిటీ హాలు. పదింటికి పిల్లలకు ఉచితంగా డాన్సు క్లాసు. పన్నెండున్నరకల్లా ఇల్లు, కొరమీను పులుసు.

మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా ఆ లంక పిల్లల్ని చూస్తున్నారు. టెన్త్ తప్పినవాళ్ళు మర్నాటికల్లా చేపల చెరువుల మీదికో, రొయ్యలు వలిచే షెడ్డులోకో పోతారు. పని దొరకని రోజున వంతెన గోడ మీద కూర్చుంటారు. ఊరికే కూర్చోరు. మాటా మాటా పెరిగి కొట్టుకుంటారు, లేకపోతే బండ్ల పందేలు వేసుకుంటారు. కిందటి వేసవిలో ఇద్దరికి కాళ్ళు విరిగాయి. "వీళ్ళ ఒంట్లో సత్తువకి ఏదో ఒక దారి చూపించాలమ్మా" అని మాస్టారు అంటే, ఏలూరులో ఓ ప్రైవేటు స్కూల్లో డాన్సు నేర్పే జ్యోత్స్న, "శనివారాలు నావి నాన్నా, హాలు సంగతి మీరు చూడండి" అంది.

హాలు దొరికింది. పిల్లలే దొరకలేదు. మొదటి శనివారం ఇద్దరు వచ్చారు. వాళ్ళలో ఒకడు సెల్లు ఛార్జింగు పెట్టుకోడానికి వచ్చాడు. సర్పంచి నాగరత్నం గారు ఆ కబురు విని, "ఈసారి ఇరవై మందైనా రాకపోతే హాలు చేపల మేత బస్తాలకి ఇచ్చేస్తానండి. మరోలా అనుకోకండేం" అని మర్యాదగానే చెప్పారు.

అందుకే శుక్రవారం సాయంత్రం మాస్టారు సత్తిరాజు మైకు ఆటో మాట్లాడారు. సత్తిరాజు గొంతు కంచుగంట. మైకు మాత్రం అతని తండ్రి హయాంలోది. "ఉచితంగా డాన్సు క్లాసులు! రేపు పదింటికి కమ్యూనిటీ హాల్లో!" అని అతను గొంతు చించుకుని అరిస్తే, మైకు గరగరలోనూ కొల్లేటి గాలిలోనూ పడి 'డాన్సు' అనే మాట ఎక్కడో నీళ్ళలో కలిసిపోయింది. మిగిలింది గట్టు దాటి వీధుల్లోకి వెళ్ళేసరికి 'ఉచితంగా గ్లాసులు' అయింది.

"స్టీలు గ్లాసులు పంచుతారంట" అంది ఒక ఇంట్లో సుబ్బాయమ్మ.

"స్టీలు గ్లాసులు ఊరికే ఎవరిస్తారే? మా మనవడు చెప్పాడు, ఇంగ్లీషులో గ్లాసులంటే కళ్ళజోళ్ళంట" అంది పక్కింటి అచ్చాయమ్మ.

దీపాలు పెట్టే వేళకు లంకలో చూపు మందగించిన ప్రతి మనిషికీ ఈ సంగతి తెలిసిపోయింది.

శనివారం పది కాకముందే హాలు నిండిపోయింది. లోపల ఊరి పెద్దలంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. మాస్టారు పొంగిపోయారు. మనవలను చేర్పించడానికి పెద్దవాళ్ళే కదిలివచ్చారనుకున్నారు. జ్యోత్స్న మూలన స్పీకరు వైర్లు కలుపుకుంటుంటే, ఆయన రిజిస్టరు తెరిచారు.

"పేరెవరిదండీ రాయాలి?"

"నాదేనండి. అచ్చాయమ్మ."

"మీదా?"

"ఏం, నాకివ్వరేంటండీ?"

"అబ్బెబ్బే, అదేం లేదండి." కళకు వయసుతో పని లేదని కూతురు ఎప్పుడూ అంటూనే ఉంటుంది. మాస్టారు రాసుకున్నారు. "ఇంతకుముందు ఏమన్నా అలవాటుందాండీ?"

"మా వియ్యపురాలిది చూసి ఓసారి సరదాపడ్డానండి. కళ్ళు తిరిగి పడబోయాను."

"మొదట్లో అలాగే ఉంటదండి. మెల్లగా అలవాటైపోద్ది."

తర్వాత సీమోను తాత వచ్చాడు. "నాకు ఎడందాని పని పూర్తిగా అయిపోయిందండి. కుడిదాంతోనే నెట్టుకొస్తన్నా" అన్నాడు.

మాస్టారు తాత కాళ్ళవంక చూశారు. కళ్ళు చెమర్చాయి. "అయినా వచ్చారంటే మీ పట్టుదలకి దణ్ణం పెట్టాలండి" అని లేచి నిజంగానే దణ్ణం పెట్టారు. ఎందుకో తెలియకపోయినా సీమోను తాత కూడా తిరిగి పెట్టాడు.

నలభై ఒకటో పేరు రాశాక జ్యోత్స్న వచ్చి రిజిస్టరు చూసింది. "నాన్నా, అందరూ అరవై దాటినవాళ్ళేంటి?" అని, అనుమానంగా అచ్చాయమ్మ దగ్గరికి వెళ్ళింది. "అమ్మమ్మగారూ, మీకు ఎలాంటి డాన్సు ఇష్టమండీ?"

"డాన్సేంటమ్మా? నాకు నల్ల ఫ్రేము పెట్టించు, చాలు."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉన్న మాట చెప్పేద్దామని మాస్టారు గొంతు సవరించుకునేసరికి గుమ్మంలో నాగరత్నం గారు కనిపించారు. తన ఊళ్ళో తనకు తెలియకుండా కంటి క్యాంపు పెడుతున్నారని ఎవరో ఫోను చేశారు. కోపంగానే వచ్చారు. నిండిన హాలు చూడగానే ఆ కోపం పోయింది.

"ఏవండీ మాస్టారూ, ఇంత మంచి పని చేస్తూ నాకో మాట చెప్పకూడదాండీ?" అంటూనే జ్యోత్స్న చేతిలోని మైకు అందుకున్నారు. "పెద్దలందరికీ నమస్కారం. మీలో ప్రతి ఒక్కరికీ కళ్ళజోడు ఇప్పించే పూచీ నాది. ఇవాళే పరీక్షలు!"

చప్పట్లు మోగాయి. జ్యోత్స్న ఆమెను పక్కకు పిలిచి మెల్లగా సంగతంతా చెప్పింది. నాగరత్నం గారు మైకు తిరిగి జ్యోత్స్న చేతిలో పెట్టేశారు.

"అనేశాను కదమ్మా" అన్నారు. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలనా?" ఆమె పెరట్లోకి పోయి ఫోను మీద ఫోను చేశారు. ఏలూరులో తెలిసిన కంటి డాక్టరు ఒకాయన ఆఖరికి దొరికాడు. వ్యాను రెండింటికి వస్తుందట.

రెండింటి దాకా కదిలేది లేదని పెద్దలు కుర్చీలకు అతుక్కుపోయారు. అప్పుడు చూసింది జ్యోత్స్న, కిటికీలోంచి. బయట ఎండలో ఇరవై దాకా బండ్లున్నాయి. ముసలివాళ్ళు నడిచి రాలేదు. మనవలూ మనవరాళ్ళూ తెచ్చి దింపారు. వంతెన గోడ మీది కుర్రకారు మొత్తం అక్కడే ఉంది! తాతలు లేవకుండా ఇంటికి వెళ్ళే వీలు లేక, బండ్ల మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటోంది.

"ఎండలో ఎందుకు? లోపల ఫ్యాన్లున్నాయి, రండి" అని పిలిచింది.

వచ్చారు. గోడవారన నిలబడ్డారు. పది నిమిషాలు సెల్లులు చూసుకున్నారు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే అజయ్ అనే కుర్రాడు స్పీకరు వంక చూసి, "అది పనిచేస్తదా అక్కా?" అన్నాడు.

"నువ్వు ఆడతానంటే పనిచేస్తది."

డప్పు దరువు మొదలైంది. అజయ్ సిగ్గుపడుతూనే రెండడుగులు వేశాడు. పక్కవాడు నవ్వాడు. నవ్వినవాణ్ణి అజయ్ చెయ్యి పట్టి లాగాడు. ఆ చేతిని ఇంకొకడు, వాడిని వెనకవాడు. పావుగంటలో హాలు మధ్య కుర్చీలు తీసెయ్యాల్సి వచ్చింది. జ్యోత్స్న ముందు నిలబడి లెక్క చెబుతుంటే, వంతెన గోడ మీద కాలు కాలు తొక్కుకునేవాళ్ళే ఇప్పుడు ఒకరి కాలు ఒకరికి తగలకుండా జాగ్రత్తగా తిరుగుతున్నారు.

గుమ్మం దగ్గర మాత్రం ఒక పిల్ల కదలకుండా నిలబడి ఉంది. పచ్చ చున్నీ వేసుకుంది. పేరు బ్లెస్సీ, పదహారేళ్ళు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. బ్లెస్సీ అమ్మమ్మ మణెమ్మ దగ్గర ఉంటుంది. టెన్త్ లెక్కల్లో తప్పి, రొయ్యల షెడ్డులో చేరింది. రెండేళ్ళ కిందట క్రిస్మస్‌కి చర్చిలో డాన్సు చేస్తే ఎవడో ఫోనులో తీసి ఊరంతా పంపాడు. దాని కింద రాయకూడని మాటలు రాశారు. "ఇంక గజ్జె మాట, ఆట మాట ఇంట్లో వినపడకూడదు" అంది మణెమ్మ. బ్లెస్సీ ఆ రోజు నుంచి ఆడటమే కాదు, మాట్లాడటమూ తగ్గించేసింది. ఇవాళ అమ్మమ్మను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చింది. ఆ అమ్మమ్మ మొదటి వరసలోనే ఉంది.

జ్యోత్స్న చేయి చాపింది. బ్లెస్సీ మణెమ్మ వంక చూసింది. మణెమ్మ కళ్ళకు నాలుగడుగుల అవతల అంతా మసకే. ఆ ధైర్యంతో బ్లెస్సీ చెప్పులు విడిచి వరసలోకి వచ్చింది.

రెండో పాటకు మిగతావాళ్ళు తమంతట తామే వెనక్కి తగ్గి ఆమెకు చోటిచ్చారు. కూనిరాగం లాగా మొదలుపెట్టిన పిల్ల, రెండేళ్ళుగా దాచుకున్నదంతా పాదాల్లోంచి వదిలేసింది. నాగరత్నం గారు ఫోను చేతిలో పట్టుకుని, చెయ్యాల్సిన ఫోను సంగతి మర్చిపోయారు.

పాట అయ్యాక మణెమ్మ తల ఎత్తింది. "ఏవండీ మాస్టారూ, ఆ పచ్చగా కనపడే పిల్ల ఎవరండీ?"

మణెమ్మ పెట్టిన ఆంక్ష సంగతి హాల్లో అందరికీ తెలుసు, మాస్టారికి కూడా. మాస్టారు జీవితంలో అబద్ధమాడటం తక్కువ, అందుకే అలవాటూ తక్కువ. "ఆ పిల్లాండీ? తాడేపల్లిగూడెం నుంచి వచ్చిందండి" అనేశారు.

"అలాగాండీ. గూడెంలో ఎవరింటి పిల్లండీ?"

"కిరణ్ కుమార్ గారని... బట్టల కొట్టండి వాళ్ళది."

"బట్టల కొట్టా! పేరేంటండీ?"

"పద్మప్రియండి" అన్నారు మాస్టారు. నుదుటి మీద చెమట పట్టింది. అబద్ధానికి నాన్నా, కొట్టూ, పేరూ ఏర్పడ్డాయి. ఇంకో ప్రశ్న అడిగితే అత్తవారు కూడా వచ్చేసేవారు.

"ఓసారి ఇలా పిలవండి. దీవిస్తాను."

బ్లెస్సీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. మాట్లాడితే గొంతు గుర్తుపడుతుందని పెదవులు బిగించుకుంది. మణెమ్మ తడుముకుని ఆమె చెయ్యి అందుకుంది. వేళ్ళను ఒక్కొక్కటే నిమిరింది. చివర్లు పగిలి, గరుకుగా ఉన్నాయి.

"ఏవమ్మా పద్మప్రియా" అంది మణెమ్మ నెమ్మదిగా, "మీ నాన్నగారి బట్టల కొట్లో రొయ్యలు కూడా వలుస్తారా?"

బ్లెస్సీ కళ్ళలోంచి నీళ్ళు అమ్మమ్మ చేతి మీద పడ్డాయి.

"అమ్మమ్మా..."

"పుట్టినప్పటినించీ వింటన్నానే నీ అడుగు చప్పుడు. దానికి కళ్ళెందుకు? మొదటి పాటకే తెలిసింది. పేరు పెట్టి పిలిస్తే ఆపేస్తావని ఊరుకున్నా." ఆమె చీరచెంగుతో మనవరాలి మొహం తుడిచింది, సరిగా కనపడక చెవి కూడా తుడిచింది. "నీ ఆటంటే నాకేం కోపం లేదే. ఆ ఫోన్లంటేనే భయం."

మాస్టారి వైపు తిరిగింది. "ఏవండీ, ప్రతి శనివారం పిల్లని నేనే తీసుకొస్తాను. కానీ ఒక్క ఫోను కూడా లోపలికి పోకూడదు. గుమ్మంలో నేనే కూర్చుంటా. ఎవరైనా దాచుకుని వస్తే వాడి పని నా చేతిలో ఉంటది."

"అలాగేనండి" అన్నారు మాస్టారు. ఆ మాటకు ముందుగా తన ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టినవాడు అజయ్. వెనకే ఇంకా పది వచ్చి పడ్డాయి.

వ్యాను రెండింటికి కాదు, మూడింటికి వచ్చింది. నలభై ఒక్క మందికీ కళ్ళు చూసి కొలతలు రాసుకుని వెళ్ళింది. మాస్టారు రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, ఈసారి వయసు అడిగి మరీ ఇరవై ఆరుగురు పిల్లల పేర్లు రాసుకున్నారు. మేత బస్తాల సంగతి ఏం చేశారని ఆయన భయం భయంగా అడిగితే, "హాల్లో చోటెక్కడుందండీ?" అన్నారు నాగరత్నం గారు.

మూడో వారానికి కళ్ళజోళ్ళు వచ్చాయి. కళ్ళజోడు పెట్టుకున్నాక ఇంటి దగ్గరే ఉండొచ్చు కదా అని పెద్దలకు ఎవరూ చెప్పలేదు. శనివారం పదింటికల్లా అందరూ గోడవారన బెంచీల మీద చేరి, మొదటిసారిగా అడుగులన్నీ స్పష్టంగా చూశారు.

"ఏమ్మా జ్యోత్స్నా, రెండో వరసలో కుర్రాడు ఎడంకాలు ఆలస్యంగా వేస్తన్నాడు, చూసుకున్నావా?" అంది అచ్చాయమ్మ, నల్ల ఫ్రేము సర్దుకుంటూ.

"వాడొక్కడే ఏంటి, నీ చెయ్యి కూడా వంకరగానే ఉందమ్మా" అన్నాడు సీమోను తాత జ్యోత్స్నతోనే.

ఆ రోజు నుంచి జ్యోత్స్న క్లాసులో నేర్చుకునేవాళ్ళు ఇరవై ఆరుగురు, నేర్పేవాళ్ళు ఆమెతో కలిపి నలభై రెండు మంది.