మనవాళ్ల డేటాబేస్

ఎటు వంచితే అటు వంగే డేటాబేస్ ఒకటి తమ సభ్యుల వివరాల కోసం సిద్ధమైందని ఢిల్లీ పక్కనున్న వైశాలిలోని తెలుగువాళ్ల సంఘం సవినయంగా, సగర్వంగా ప్రకటించింది.

దాన్ని తయారుచేసినవాడు హేమసుందర్. వారమంతా నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం సంఘసేవ. మొదట అతను పేరు, ఫోను, రక్తం గ్రూపు అని గడులు గీసుకొచ్చాడు. అధ్యక్షులు భీమారావుగారు కళ్లజోడు సర్దుకుని చూసి జాలిపడ్డారు.

"ఏమయ్యా, ఇది నీ బుర్రలో ఉన్న డేటా. వాడేవాళ్ల బుర్రలో ఏముందో కనుక్కో. డేటాబేస్ అంటే ప్రజల మనసుకు అద్దం!"

చప్పట్లు మోగాయి. హేమసుందర్ కనుక్కున్నాడు. బేర్ సరాయ్‌లో సివిల్స్‌కు చదివే కుర్రాళ్లకు ఆదివారం ఎవరింట్లో పప్పుచారు దొరుకుతుందో తెలియాలి. సంఘం సభ్యురాలు అన్నపూర్ణేశ్వరిగారికి ఊరినుంచి వచ్చేవాళ్లలో గోంగూర మోసుకొచ్చేదెవరో తెలియాలి. అన్నీ పెట్టాడు. రక్తం గ్రూపును మాత్రం ఆవిడే తీయించారు. "శుభమా అని పేరు రాయించుకుంటుంటే మధ్యలో ఆ ఆస్పత్రి గోలేంటి బాబూ?"

అందరూ ఏకగ్రీవంగా కోరిన గడి ఒక్కటే: మనవాళ్లేనా?

హేమసుందర్ ప్రతిభంతా ఇక్కడే ఉంది. ఒకే మనిషి ఒకరు చూస్తే 'అవును', ఇంకొకరు చూస్తే 'కాదు'. చూసేవాడి కులాన్నిబట్టి జవాబు తనంతట తానే మారుతుంది. మిగతా గడులు ఖాళీగా వదిలినా ఫర్వాలేదు. కులం రాయనివాడిని మాత్రం డేటాబేస్ గడప తొక్కనివ్వదు. ధౌలా కువాన్ దగ్గర కంటోన్మెంటులో ఉండే జవాను తిరుమలేష్ అలాగే బయట మిగిలాడు. "అది రాయకపోతే వద్దా సార్? ఠీక్ హై," అని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు హేమసుందర్ భార్య హరితకు కాన్పు కష్టమైంది. ఓ నెగెటివ్ రక్తం వెంటనే కావాలన్నారు డాక్టర్లు. అతను తన డేటాబేస్ తెరిచాడు. మనవాళ్లు బోలెడుమంది వచ్చారు, అక్షరక్రమంలో, ముచ్చటగా. ఎవరి ఒంట్లో ఏ రక్తముందో మాత్రం దానికి తెలియదు. గోంగూర ఎవరు తెస్తారో చెప్పింది.

సంఘం వాట్సాప్ గ్రూపులో మొరపెట్టుకుంటే భీమారావుగారు దండం బొమ్మ పెట్టారు. ఎవరో చెప్పగా విని, తిరుమలేష్ ఆటోలో పరుగున వచ్చి రక్తమిచ్చి, టీ కూడా తాగకుండా డ్యూటీకి పోయాడు. తల్లీబిడ్డా దక్కారు.

హరిత తల్లి రాజేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. "దేవుడల్లే వచ్చాడు నాయనా, చల్లగా ఉండాలి." తర్వాత గొంతు తగ్గించింది. "అవునూ, మనవాళ్లేనా?"

హేమసుందర్‌కు కోపం రాలేదు. అతను అప్పటికే ఫోనులో వెతికేశాడు.

"దొరకట్లేదత్తయ్యా," అన్నాడు దిగులుగా.

నవ్వకండి. తిరుమలేష్ ఇంటిపేరు ఎక్కడైనా వస్తుందేమోనని ఇంతసేపూ చూసింది మీరు కాదూ?