తెలియని ముక్క

ఆ ఉదయం ముక్కలాయన అనుకున్న పని చిన్నదే. కొత్త మందు అణువును కంప్యూటర్లో ముక్కలు చేసి, ఒక్కో ముక్క లివర్‌ను ఎంత పాడుచేస్తుందో చూసి, అన్నిటికీ సగటు తీసి మధ్యాహ్నానికల్లా లెక్క తేల్చడం. రోజూ చేసే పనే. అందుకే ల్యాబ్‌లో ఆయనకా పేరు. ఈసారీ మందు కుదరకపోతే విభాగమే మూసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. "ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చుకు రండి, నాకు కంటిమీద కునుకు లేదు" అని భార్య గుమ్మంలోనే నిలదీసింది.

లెక్క వచ్చింది. హాని దాదాపు లేదు! ముక్కలాయన ఆగలేక డైరెక్టరుకు కబురు పెట్టేశాడు. ఆ తర్వాత తీరిగ్గా చూస్తే అసలు సంగతి బయటపడింది. అణువులో ఒక ముక్క కంప్యూటర్‌కు అసలు తెలియనే తెలియదు. తెలియనిదానికి అది సున్నా వేసుకుని, హాని లేదని చేతులు దులిపేసుకుంది.

పరుగున వెళ్ళాడు. "సార్, ఆ ముక్క గురించి మనకేమీ తెలీదు!"

"మనకే కాదయ్యా, ఎవరికీ తెలీదు! అంటే పేటెంటు మనదే!" డైరెక్టరు భుజం తట్టాడు. "అలాంటివే ఇంకో రెండు తగిలించు."

"వద్దు సార్, ప్రమాదం..."

"అబ్బ, నీ అణకువతో చంపుతున్నావయ్యా!"

రెండు తగిలిస్తే మందు ఇంకా భద్రంగా కనబడింది. కనబడదూ మరి! డైరెక్టరు పైవాళ్ళకు చెప్పాడు, పైవాళ్ళు పత్రికలకు చెప్పారు, పత్రికల్లో చదివి డైరెక్టరు మరింత నమ్మాడు. ముక్కలాయన నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు చేతిలో పూలగుత్తి పెట్టారు.

కొన్నాళ్ళకు మందు తయారైంది. ఎలుకలకు ఇచ్చారు. మర్నాడు ఎలుకల్ని చూసుకునే ఆవిడ వచ్చి, "ఒక్కటీ మిగల్లేదండీ, ఈ చేత్తోనే తిండి పెట్టాను" అని కూలబడి ఏడ్చింది. ముక్కలాయనకూ ఏడుపొచ్చింది. ఎలుకల కోసం కొంత, తన కోసం ఎక్కువ.

సాయంత్రానికి విభాగం మూసేసి, డైరెక్టరుతో సహా అందర్నీ ఇంటికి పంపేశారు. ముక్కలాయన బల్ల సర్దుకుంటుంటే సిబ్బంది అధికారి అడ్డుపడ్డాడు.

"మీరెక్కడికండీ? తప్పంతా మీదేనని డైరెక్టరుగారు చెప్పి వెళ్ళారు. విచారణ పూర్తయ్యేదాకా మిమ్మల్ని తీసేయడానికి రూల్స్ ఒప్పుకోవు. జీతం తీసుకుని రోజూ వచ్చి కూర్చోవాల్సిందే."

"విచారణ ఎవరు చేస్తారు?"

"చేయాల్సినవాళ్ళని ఇందాకే పంపేశాం."

ముక్కలాయన ఇంటికెళ్ళి, తలవంచుకుని, జరిగిందంతా చెప్పాడు. భార్య అంతా విని, పక్క దులిపి పరిచింది.

"సరే, ఆ నిందేదో పదిలంగా చూసుకోండి" అంది.