న్యూట్రల్ తీగకు జ్వరం

"ఒరే దర్శన్, మెట్ల కింద ఆ నల్ల వైరు కాగిపోతా ఉండాదప్పా. ఇల్లంతా అంటుకుంటే మన గతేమి?"

భాగీరథమ్మ ఈ మాట అనేసరికి ఇంట్లో ఇంకా కాఫీ కూడా కలపలేదు. తెల్లారగానే ఇంటి ఒళ్ళు చూడటం ఆమెకు అలవాటు. గ్యాస్ సిలిండరు, నీళ్ళ మోటారు, కరెంటు పెట్టె, అన్నింటికీ పిల్లల నొసలు చూసినట్టు చెయ్యి వెనక్కి తిప్పి ఆనించేది.

దర్శన్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఈ మూడంతస్తుల ఇంటి వైరింగు అతను సొంతంగా చేసిన మొదటి పని. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర హాస్టల్ కట్టిస్తున్న అశోక్‌కుమార్ ఈరోజు దాన్ని చూడటానికి వస్తున్నాడు. నచ్చితే హాస్టల్ కాంట్రాక్టు దర్శన్‌దే.

"అది న్యూట్రల్ అమ్మా, కరెంటు తిరిగిపోయే తీగ. అంతస్తుకొక ఫేజు. మూడింట్లో లోడు సమంగా ఉంటే దాంట్లో కరెంటే ఉండదు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాది. అందుకే సన్నది వేసినా. పైన అద్దెకుండే కిరణ్మయి వాళ్ళు ఆఫీసు పనికని అన్ని కంప్యూటర్లు పెట్టినారు, మనకేమో ఫ్యానే. అదీ తేడా!" అని అతను అశోక్‌కుమార్‌ను తీసుకురావడానికి బండెక్కి వెళ్ళిపోయాడు.

భాగీరథమ్మకు 'సమంగా' అన్న ఒక్క మాట అర్థమైంది. ఎన్నో పెళ్ళి పంక్తుల్లో వడ్డించిన చెయ్యి ఆమెది. సమం చేయడం ఒకరు నేర్పాలా? గబగబా పైకెక్కి తలుపు తట్టింది.

"ఆంటీ, ప్లీజ్! ఈరోజు మా సాఫ్ట్‌వేరు రిలీజ్ ఉంది, ఒక్కటి కూడా ఆపలేం" అంది కిరణ్మయి.

పైన తగ్గకపోతే కింద పెంచాల్సిందే. భాగీరథమ్మ తన ఇంట్లో ఎల్ఈడీ బల్బులన్నీ వేసింది, టీవీ పెట్టింది. ఊరికి పోతూ నడిమి అంతస్తు వాళ్ళు ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసి అక్కడా లైట్లు వేసింది. అయినా మనసు కుదుటపడలేదు. పక్కింట్లో టైపింగు సెంటరు నడిపే పుష్పావతి దగ్గరకు పరిగెత్తింది.

"ఏం వదినా, పట్టపగలు ఇన్ని లైట్లు! పెళ్ళిచూపులా?"

"ముందు కంప్యూటర్లు పంపు వదినా. తర్వాత చెప్తా."

పుష్పావతికి అంతా అర్థమైపోయింది. దర్శన్‌కు సంబంధం వచ్చింది, పిల్ల సాఫ్ట్‌వేరు, ఆ పిల్ల ముందు తక్కువ కాకూడదని కంప్యూటర్లు అడుగుతున్నారు! కంప్యూటర్లతో పాటు వీధిలోని ఆడవాళ్ళంతా తాంబూలాలతో దిగారు. బియ్యం డబ్బా మీద ఒకటి, గ్రైండరు పక్కన ఒకటి, నడిమి అంతస్తులో మిగిలినవి, అన్నీ వెలిగాయి.

అప్పుడే దర్శన్ అశోక్‌కుమార్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. పుష్పావతి ఎదురెళ్ళి అశోక్‌కుమార్ నొసట ఇంత కుంకుమ దిద్ది, "రాండన్నా! పిల్ల వెనక వస్తా ఉండాదా?" అంది.

"ఏ పిల్ల?" అన్నాడాయన.

ఎవరూ జవాబు చెప్పేలోగా మెట్ల కింద నుంచి కమురు వాసన వచ్చింది. దర్శన్ ఒక్క గెంతున పోయి మెయిను స్విచ్చి దించేశాడు. న్యూట్రల్ తీగ తొడుగు మెత్తబడి వేలాడుతోంది. కంప్యూటర్లన్నీ ఆరిపోయి పైనుంచి కిరణ్మయి జట్టంతా ఒక్క గొంతుతో కెవ్వుమంది.

"అయ్యో, సమంగానే వడ్డించినా కదరా!" అంది భాగీరథమ్మ.

దర్శన్ మొహం చెమటతో తడిసింది. "ఫ్యాన్ల కరెంటైతే కొట్టేసుకుంటాదమ్మా. కంప్యూటర్లు, ఈ బల్బులు గుక్కలు గుక్కలుగా లాగుతాయి. హార్మోనిక్స్ అంటారు. అందులో కొంత కొట్టేసుకోదు, మూడు అంతస్తులదీ న్యూట్రల్‌లో పేరుకుంటాది. ఫేజు వైరుకన్నా లావుది వేయాల్సింది. తప్పు నాదే సార్. అమ్మ పొద్దున్నే చెప్పింది, నేను వినలా."

కాంట్రాక్టు పోయింది, ఇక వీడికి పని దొరకదు, పిల్లను కూడా ఎవరూ ఇవ్వరు అని భాగీరథమ్మ అప్పుడే గోడకు ఆనుకుంది.

అశోక్‌కుమార్ కుంకుమ తుడుచుకున్నాడు. "నా హాస్టల్ నిండా ఇట్లాంటి కంప్యూటర్లేనప్పా. నా బిల్డింగు కాలకముందే తెలిసింది, మేలు. లావు వైరు వెయ్యి, పని నీదే. కానీ ఒక షరతు. నెలకొకసారి మీ అమ్మ వచ్చి, ప్రతి అంతస్తులో కరెంటు పెట్టె మీద చెయ్యి పెట్టి చూడాల."

అందరూ ఆమె వైపు తిరిగారు. దర్శన్ కళ్ళతోనే బతిమాలాడు. పుష్పావతి మోచేత్తో పొడిచింది.

భాగీరథమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. "వస్తాగానీ అప్పా, వీడు మెయిను దించితే మీ బిల్డింగులో లిఫ్టు నడిమధ్యలో నిలిచిపోదు గదా?"